గంధపు కొండ పేరు పెట్టుకున్న విద్య

సంపాదకులు నా చేత ఎప్పుడూ రక్తపోటు గురించో, మధుమేహం గురించో వ్రాయిస్తూ ఉంటారు. ఈ ఒక్కసారికి మన్నించమని అడిగి, మా ఇంట్లో రెండు నెలలుగా నడుస్తున్న ఒక చర్చను మీ ముందుకు తెస్తున్నాను.

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. ఏడాదిన్నరగా శనివారం పొద్దున్న జుజుత్సు క్లాసుకు వెళుతోంది. ఆడపిల్లను కూచిపూడికి పంపకుండా కుస్తీకి పంపుతున్నారేమిటని మన సంఘంలో కొందరు అడిగారు. కూచిపూడి ఆదివారం, కుస్తీ శనివారం అని సమాధానం చెబుతూ వచ్చాను. అసలు చిక్కు మొన్నటి ఉగాది సభలో వచ్చింది. పులిహోర వరసలో నా వెనక నిలబడ్డ ఒక మిత్రుడు (వాళ్ళబ్బాయి జూడో నేర్చుకుంటున్నాడు లెండి) "మీ అమ్మాయి నేర్చుకునేది అసలు జపాను విద్య కాదండీ డాక్టరు గారూ. హవాయిలో ఎవరో కలిపికొట్టు కావేటి రంగా అని తయారుచేసింది. మా వాడి క్లాసులో చేర్పించండి" అన్నారు. ఆయన మంచికే చెప్పారు. కాని ఇంటికి వచ్చేదాకా ఆ మాట నన్ను వదల్లేదు. "అసలు", "నకలు" అనే మాటలు మన బోటి వాళ్ళకు ఎక్కడో గుచ్చుకుంటాయి. ఎందుకో తర్వాత చెబుతాను.

ఆ రాత్రి అమ్మాయి సంచీలోంచి క్లాసు కాగితాలు తీసి చూశాను. వాళ్ళ బాణీ పేరు 'దంజన్ ర్యూ' అనీ, దానికి అర్థం 'దేవదారు కొండ సంప్రదాయం' అనీ ఉంది. (ఇక్కడి వాళ్ళు డాన్‌జాన్ రూ అంటారు. ఆ 'జ'ను మనం 'జడ' అనే మాటలో పలికినట్లు పలికితే జపాను ఉచ్చారణకు దగ్గరగా ఉంటుంది.) హవాయిలో దేవదారు కొండ ఎక్కడిది? డాక్టర్లకు ఒక జబ్బు ఉంది. పది లక్షణాల్లో ఒక్కటి పొసగకపోయినా నిద్రపట్టదు. ఆ జబ్బు పుణ్యమా అని లైబ్రరీ పుస్తకాలు కొన్ని ఇంటికి వచ్చాయి.

ముందు ఈ పేర్ల సంగతి కొంచెం చెప్పాలి. 'ర్యూ' అంటే జపాను భాషలో ప్రవాహం. విద్య గురువు నుంచి శిష్యుడికి పారుతుంది కాబట్టి సంప్రదాయానికి ఆ మాట వాడారు. మా కోనసీమ వాళ్ళకు దీన్ని వివరించనక్కరలేదు. ధవళేశ్వరం దాటాక గోదావరి పాయలుగా చీలితే, ఒక్కొక్క పాయకు ఒక్కొక్క ఋషి పేరు పెట్టుకున్నాం. జుజుత్సు పాయలు అంతకన్నా చాలా ఎక్కువ. పేరు చూసి అది ఎక్కడ నుంచి పారి వచ్చిందో చాలాసార్లు చెప్పవచ్చు.

ఉదాహరణకు యోషిన్ ర్యూ. అంటే విల్లో చెట్టు మనసు. విల్లో అనేది చైనాలోనూ జపానులోనూ ఏటి గట్ల మీద పెరిగే చెట్టు, కొమ్మలు జడల్లా వేలాడుతూ ఉంటాయి. నాగసాకిలో అకియామా షిరోబెయి అనే వైద్యుడు చైనా వెళ్ళి వైద్యంతో పాటు కొన్ని కుస్తీ పట్లూ, స్పృహ తప్పినవాణ్ణి తేర్చే పద్ధతులు 28 నేర్చుకుని వచ్చాడనీ, ఒక చలికాలం మంచు బరువుకు గట్టి చెట్ల కొమ్మలు విరిగిపడుతూ ఉంటే విల్లో కొమ్మ మాత్రం వంగి మంచును జార్చేసి మళ్ళీ లేవడం చూసి తన విద్యకు ఆ పేరు పెట్టాడనీ కథ. జుజుత్సులోని 'జు' అంటే మెత్తన. కథానాయకుడు డాక్టరు కావడం వల్ల నాకు ఈ కథ మీద కొంచెం పక్షపాతం ఉందని ఒప్పుకుంటున్నాను.

ఆ తర్వాత 19వ శతాబ్దంలో ఇసో మతయెమోన్ అనే ఆయన ఈ యోషిన్‌నూ, షిన్ నో షిన్తో అనే మరో పాయనూ కలిపి, రెండింటి పేర్లలోని ముక్కలు అతికించి తెన్‌జిన్ షిన్యో ర్యూ అని పేరు పెట్టాడు. ఆ బాణీనీ, కితో ర్యూ అనే ఇంకొకదాన్నీ నేర్చుకున్న కానో జిగోరో అనే 21 ఏళ్ళ యువకుడు 1882లో తోక్యోలో కోదోకన్ అనే శాల పెట్టి, తన విద్యకు జూడో అని పేరు పెట్టాడు. అంటే మా మిత్రుడి గారబ్బాయి నేర్చుకునే 'అసలు' విద్యలో కూడా కావేటి రంగడి చెయ్యి ఉంది. ఈ మాట ఆయనకు ఫోనులో చెప్పాను. నవ్వేశారు.

ఇక దంజన్ ర్యూ. దీని మూలపురుషుడు ఒకజాకి సెయిషిరో. 1890లో జపానులోని ఫుకుషిమా ప్రాంతంలో కకెదా అనే ఊళ్ళో పుట్టాడు. 1906లో, 16వ ఏట, హవాయి చేరాడు. అది చెరకు తోటల కాలం. మన వాళ్ళు ఓడలెక్కి మారిషసుకూ, నేటాలుకూ, ఫిజీకీ వెళ్ళినట్లే జపాను పల్లెల నుంచి వేలకు వేలు హవాయి చెరకు తోటలకు వెళ్ళారు. చైనా వాళ్ళు అంతకు ముందే వచ్చి ఉన్నారు. పోర్చుగీసులు, ఫిలిప్పీన్స్ వాళ్ళు, ఆ దీవుల సొంత మనుషులు, అందరూ ఒకే బజారులో తిరిగే చోటు అది.

మూడేళ్ళు తిరగకుండా, 19వ ఏట, ఈ కుర్రాడికి క్షయ అని తేలింది. అది 1909. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1943లో. మందు రావడానికి ఇంకా 34 ఏళ్ళుంది. ఆ రోజుల్లో క్షయకు వైద్యమంటే మంచి గాలి, మంచి తిండి, కదలకుండా పడుకోవడం. ఇతను పడుకోలేదు. హీలో పట్నంలో తనకా యోషిమత్సు నడిపే షిన్యూకాయ్ అనే శాలలో జూడోకు చేరాడు. జబ్బు నయమైంది. జూడోయే తనను బతికించిందని నమ్మి, మిగిలిన జీవితం దానికే ఇచ్చేశాడు.

ఇక్కడ డాక్టరుగా నోరు మూసుకుని ఊరుకోలేను. క్షయ కొందరిలో మందు లేకుండానే అణిగిపోతుంది. అప్పుడు రోగి ఏం చేస్తూ ఉంటే ఆ పనికి ఘనత దక్కుతుంది. కాబట్టి ఇది చదివి ఎవరూ మాత్రలు పక్కన పెట్టి మల్లయుద్ధానికి దిగవద్దని మనవి. అలాగని పడుకుంటేనే తగ్గుతుందన్న పాత నమ్మకమూ నిలవలేదు. 1956లో మద్రాసులో మొదలుపెట్టిన పరీక్షలో శానటోరియంలో ఉంచి మందులిచ్చిన వాళ్ళూ, తమ ఇళ్ళలోనే ఉంటూ అవే మందులు వేసుకున్న వాళ్ళూ ఇంచుమించు ఒకేలా బాగుపడ్డారు. ఇంటి దగ్గరి వాళ్ళకు అంత విశ్రాంతీ లేదు, అంత తిండీ లేదు. శానటోరియాలు మూతపడడానికి ఆ పరీక్ష ముఖ్యమైన కారణాల్లో ఒకటి. అందుకని ఒకజాకి కదిలినా బతికాడంటే నాకు ఆశ్చర్యం లేదు. కదిలినందువల్లే బతికాడనే కాగితం మీద మాత్రం సంతకం పెట్టను.

బతికినవాడు ఊరికే కూర్చోలేదు. తనకా గారి దగ్గర ఆపకుండా, ఎవరి దగ్గర ఏమి ఉంటే అది నేర్చుకున్నాడు. చైనా కుస్తీ వో చాంగ్ అనే చైనా గురువు దగ్గర. ఒకినావా దీవుల కరాటే. ఫిలిప్పీన్స్ వాళ్ళ కత్తి విద్య. హవాయి సొంత మల్లవిద్య అయిన లువా. 1922లో మోరిస్ అనే బాక్సరు జూడో వాళ్ళను సవాలు చేస్తే, బాక్సింగు ఎదుర్కొనేందుకు ప్రత్యేకంగా సాధన చేసి బరిలోకి దిగాడు. మొదటి రౌండులో ముక్కు పగిలింది. రెండో రౌండులో గెలిచాడు. 1924లో జపాను వెళ్ళి 50కి పైగా శాలలు తిరిగి 675 రకాల పట్లు చూశానని ఆయనే లెక్క చెప్పుకున్నాడు. యోషిన్, ఇవాగా, కొసోగాబే బాణీలు తన విద్యలో కలిశాయని పేరు పేరునా చెప్పాడు. కోదోకన్ ఆయనకు మూడో స్థాయి నల్ల పట్టీ ఇచ్చింది. 1930 ప్రాంతంలో హోనొలులులో నిక్కో అనే పేరుతో మర్దనశాల పెట్టాడు. కుస్తీ నేర్పే శాలకు కోదెన్‌కన్ అని పేరు పెట్టాడు. పూర్వుల విద్యను అందించే చోటు అని అర్థం. కోదోకన్, కోదెన్‌కన్: చెవికి అన్నదమ్ముల్లా వినిపిస్తాయి గాని వేరు వేరు.

జపాను వాళ్ళ విద్యను జపాను వాళ్ళకే నేర్పాలన్న పట్టింపు అప్పట్లో ఎక్కువ. ఆయన దాన్ని లెక్కచేయలేదు. అడిగిన వాళ్ళందరికీ, తెల్లవాళ్ళు, హవాయి వాళ్ళు, చైనా వాళ్ళు, ఆడవాళ్ళు, అందరికీ నేర్పాడు. తన వాళ్ళ చేత మాటలు పడ్డాడు. 1939లో పెట్టిన సంస్థ పేరులో 'అమెరికన్' అనే మాట చేర్చాడు. 1951లో పోయాడు. ఆయన శిష్యులు కొందరు కాలిఫోర్నియా చేరి శాలలు పెట్టారు. మా అమ్మాయి క్లాసు ఆ పాయలోదే.

ఇప్పుడు పేరు. ఇన్నిటిని కలిపిన మనిషి తన విద్యకు ఏ పేరు పెట్టుకోవాలి? తన పేరు పెట్టుకోవచ్చు. కకెదా పేరు పెట్టుకోవచ్చు. యోషిన్ పాత బాణీ, గౌరవం గలది, దాని పేరుకు ఒక తోక తగిలించుకుంటే అడిగేవాడు లేడు. ఆయన 'దంజన్' అన్నాడు. జన్ అంటే కొండ. దన్ అనే అక్షరాన్ని జపాను అక్షరాల నిఘంటువులో చూస్తే దేవదారు, గంధపు చెట్టు అని రెండర్థాలూ ఉన్నాయి. మా అమ్మాయి కాగితం మొదటిది పట్టుకుంది. సరైనది రెండోది. ఎందుకంటే ఆ రెండక్షరాలూ జపాను పేరే కాదు. చైనా వాళ్ళు హవాయికి పెట్టుకున్న పేరు, 'తాన్ షాన్', గంధపు కొండ. హోనొలులును చైనా వాళ్ళు ఈనాటికీ అలాగే పిలుస్తారు. చైనా గురువు వో చాంగ్ మీది గౌరవంతో ఒకజాకి ఆ పేరు తీసుకుని జపాను ఉచ్చారణలో పలికాడని శిష్యులు చెప్పుకుంటారు.

ఇంకా లోపలికి వెళితే నాకు కుర్చీలోంచి లేవాలనిపించింది. ఆ 'తాన్' అనే అక్షరం చైనాలో మొదట వేరే ఏదో గట్టి చెట్టుది. బౌద్ధ గ్రంథాలు తర్జుమా చేసేటప్పుడు 'చందన' అనే మాటను వాళ్ళ భాషలో రెండక్షరాలతో వ్రాసుకున్నారు. ఆ రెండిటిలో రెండోది ఇది. పోను పోను మొదటి అక్షరం జారిపోయి రెండోది ఒక్కటే గంధానికి నిలిచింది. అదే జపాను వాళ్ళ నోట 'దన్' అయింది. అంటే మా అమ్మాయి తెల్ల కోటు మీద కుట్టిన 'దంజన్'లో ఉన్న 'దన్' మన చందనంలో సగం. ఆ చందన శబ్దం కూడా సంస్కృతానికి ద్రావిడ భాషల నుంచే వెళ్ళిందని కొందరు భాషాశాస్త్రవేత్తల అభిప్రాయం. రాయి మీద నీళ్ళతో అరగదీయడానికి తెలుగులో 'చాదడం' అనే మాట ఉంది. పసిపిల్లల నుదుట పెట్టే చాదు బొట్టులోని చాదూ ఆ బంధువే. అమ్మమ్మ చేతి చాదు తాలూకు చుట్టం చైనా, జపాను, హవాయి తిరిగి శనివారం క్లాసులో మనవరాలికి ఎదురైందన్న మాట. ఈ సంగతి ఊళ్ళో ఉన్న అమ్మకు ఫోనులో చెబితే, "అయితే దానికి కుస్తీ నేర్పుతున్నావా?" అంది. అంతవరకూ ఆవిడకు ఆ విషయం చెప్పలేదు.

గంధపు కొండ అని ఎందుకు పేరు వచ్చిందో కూడా చెప్పకపోతే కథ తియ్యగా ఉండిపోతుంది. హవాయి కొండల మీద మన శ్రీగంధానికి అక్కచెల్లెళ్ళయిన చెట్లు ఉండేవి. వాటిని అక్కడ ఇలియాహి అంటారు. 1810 తర్వాత అమెరికా ఓడలు ఆ కలపను చైనాలోని కాంటన్ రేవుకు తరలించాయి. కమేహమేహా రాజు 1819లో చనిపోయేదాకా వ్యాపారం తన చేతిలో ఉంచుకున్నాడు. ఆ తర్వాత దొరలందరూ పట్టు బట్టలకూ, ఓడలకూ అప్పులు చేసి, ఆ అప్పులు తీర్చడానికి రైతులను కొండల మీదికి తోలారు. ఓడ కడుపు ఎంత ఉంటుందో అంత గొయ్యి కొండ మీద తవ్వి, అది నిండేదాకా చెట్లు కొట్టించేవారు. మొలొకాయి దీవిలో అలాంటి గొయ్యి ఒకటి ఉంది. గొయ్యి నిండాక దుంగలు వీపుల మీద రేవుకు దిగేవి. 1826 చివర చేసిన చట్టం ప్రకారం ప్రతి మగవాడూ అర పికులు గంధం, అంటే సుమారు 30 కిలోలు, లేకపోతే నాలుగు స్పెయిను వెండి డాలర్లు కట్టాలి. పొలాలు బీడుపడి కరువు వచ్చింది. 1840 నాటికి కొట్టడానికి చెట్లు లేవు. ఒకజాకి ఓడ దిగేనాటికి గంధపు కొండ మీద చెరకు ఉంది. పేరు మాత్రం చైనా వాళ్ళ నోట మిగిలింది.

మన ఇంటిపేర్లు ఒకసారి తలచుకోండి. సగానికి సగం ఊళ్ళ పేర్లే, అవీ మన పూర్వులు ఎప్పుడో వదిలేసి వచ్చిన ఊళ్ళు. మా ఇంటిపేరు గల ఊరిని మా నాన్న గారు కూడా చూడలేదు. ఒకజాకి దీనికి తలకిందులు చేశాడు. వదిలివచ్చిన ఊరి పేరు కాకుండా వచ్చి చేరిన ఊరి పేరు పెట్టాడు, అదీ పొరుగువాడి భాషలో. అంతకు మించి, తన విద్య పాతదని చెప్పుకోలేదు. యుద్ధవిద్యల్లో దొంగ వంశవృక్షాలకు కొదవలేదు. ప్రతి మూడో గురువూ ఏదో కొండ గుహలో ఎవరో మునీశ్వరుడి దగ్గర నేర్చుకున్నానంటాడు. ఈయన ఫలానా చైనా ఆయన, ఫలానా హీలో ఆయన అన్నాడు. పేరులోనే చెప్పేశాడు, ఇది ఇక్కడ కలిసిందని.

ఇది చదువుతున్నప్పుడు నా ఆఫీసు గోడ గుర్తుకు వచ్చింది. మొదట్లో ఉద్యోగం కోసం ఇంటర్వ్యూలకు తిరిగే రోజుల్లో ఒక చోట నన్ను ఎక్కడ చదివావని అడిగి, ఊరి పేరు చెప్పగానే కాగితం మడిచిపెట్టారు. అప్పటి నుంచి నేను ఇక్కడి రెసిడెన్సీ పేరే ముందు చెప్పడం నేర్చుకున్నాను. గోడ మీద ఇక్కడి పత్రాలు మూడున్నాయి. మన దేశపు ఎంబీబీఎస్ పత్రం అల్మారాలో పెట్టెలో ఉంది. దాని కొలత ఇక్కడి ఫ్రేములకు సరిపోదని మా ఆవిడకు చెబుతూ వచ్చాను. నిజానికి ఛాతీ మీద వేలు పెట్టి, ఆ వేలి మీద మరో వేలితో కొట్టి, లోపల నీరుందో లేదో చెవితో చెప్పడం నాకు నేర్పింది మన దేశంలో క్షయ వార్డు ప్రొఫెసరు గారు. ఎక్స్‌రే మిషను పాడైన వారంలో ఒక్కొక్కరి చేత నలభై మంది ఛాతీలు కొట్టించారు. ఇక్కడ నాతో పనిచేసే వాళ్ళలో ఆ చప్పుడు తేడా పట్టగలవాళ్ళు తక్కువ. ఎక్కడ నేర్చుకున్నావని ఇద్దరు అడిగారు. "అలవాటు" అన్నాను. ఆయన పేరు చెప్పలేదు.

ఒకజాకి గారి విద్యలో అన్నీ నాకు నచ్చాయని కాదు. పైస్థాయి శిష్యులు పడగొట్టడంతో పాటు దెబ్బలకు మర్దన చేయడం, స్పృహ తప్పినవాణ్ణి తేర్చడం కూడా నేర్చుకోవాలి. ఆ నియమం నాకు చాలా నచ్చింది. వైద్యం మీద వాళ్ళు చెప్పేవన్నీ నచ్చలేదు. రూజ్‌వెల్టుకు కూడా ఆయన మర్దన చేశాడని శిష్యులు చెబుతారు. రూజ్‌వెల్టు 1934లో హవాయి వచ్చిన మాట మాత్రం నిజం. మెడ నొక్కే పట్లు 25 ఉన్న వరస ఒకటి ఉంది. మెదడుకు నెత్తురు తీసుకుపోయే నాళాలు రెండు పక్కలా నొక్కితే పది సెకన్ల లోపే మనిషి సోలిపోవచ్చు. వెంటనే వదిలేస్తే చాలావరకు తనంతట తానే తేరుకుంటాడు. వెన్ను చరిచిన గురువుకు పేరు వస్తుంది! పిల్లలను ఏ క్లాసుకు పంపే తల్లిదండ్రులైనా మెడ పట్లు ఏ వయసులో మొదలుపెడతారో అడిగి తెలుసుకోండి. నేను అడిగాను. మా అమ్మాయి ఇంకా మొదటి వరసలోనే ఉంది. యవారా అని 20 పట్లు, ఎక్కువ భాగం చెయ్యి పట్టుకున్నవాణ్ణి విడిపించుకోవడం.

ఆ విడిపించుకోవడం రోజూ నా మీదే. "నాన్నా, గట్టిగా పట్టుకో" అంటుంది. ఎంత గట్టిగా పట్టుకున్నా, నా బొటనవేలికీ మిగతా వేళ్ళకూ మధ్య సందు చూసుకుని ఆ వైపుకే మణికట్టు తిప్పి లాగేస్తుంది. శరీరనిర్మాణ శాస్త్రం రెండేళ్ళు చదివిన వాణ్ణి, ఆ సందు అక్కడుందని తొమ్మిదేళ్ళ పిల్ల చూపిస్తే గాని గమనించలేదు.

క్లాసు మార్పించలేదు. కాగితంలో తప్పును వాళ్ళ గురువు గారికి చూపించాను. ఆవిడ నిఘంటువు తెప్పించుకుని చూసి, వచ్చే విడత దిద్దుతామన్నారు. వచ్చే నెల అమ్మాయికి పట్టీ పరీక్ష. పట్లతో పాటు గురువుల పేర్లూ, బాణీ పేరుకు అర్థమూ అడుగుతారట. ముందు తెలుగులో 'గంధపు కొండ' అని చెప్పి, తర్వాత ఇంగ్లీషులో చెబుతానని అంటోంది. ఒప్పుకుంటారో లేదో ఆవిడను అడగాలి. ఫ్రేముల దుకాణం ఆ దారిలోనే ఉంది, కొలత కూడా వ్రాసుకున్నాను.